యూనిట్ - 9 : గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌కు ప్రోగ్రామ్ రాయడం – ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక లెక్క

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అంటే ఏమిటి?
9.3 సమస్యను కాగితం మీద పెట్టడం
9.4 మొదటి ప్రోగ్రామ్ : దూరం
9.5 షరతు : డీజిలు సరిపోతుందా?
9.6 తెర మీద తప్పు కనిపించని తప్పులు
9.7 పరీక్షలు ఎలా ఎంచుకోవాలి?
9.8 గ్రాఫు, ఆవృత్తి
9.9 ప్రోగ్రామ్ పరిమితులు
9.10 సారాంశం
9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌కూ మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్‌కూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• నిత్యజీవితంలోని ఒక లెక్కను వరుస ఆదేశాలుగా విడగొట్టగలుగుతారు.
• నిల్వ, ఇన్‌పుట్, షరతు, ఆవృత్తి అనే నాలుగు పనులను ప్రోగ్రామ్‌లో ఉపయోగించగలుగుతారు.
• ప్రోగ్రామ్ ఇచ్చిన జవాబు నమ్మదగినదో కాదో తేల్చే పరీక్షలను సొంతంగా తయారుచేసుకోగలుగుతారు.

9.1 పరిచయం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్లే మరబోటు జెట్టీ వదిలే ముందు ఐసు, మంచినీళ్లు, వంట సరుకులు, డీజిలు ఎక్కించుకుంటుంది. వీటిలో ఎక్కువ ఆలోచించాల్సింది డీజిలు గురించే. తక్కువ పోయించుకుంటే తిరుగు ప్రయాణం కష్టమవుతుంది. అవసరానికి మించి పోయించుకుంటే వేట ఖర్చు పెరుగుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలులో ఉంటుంది. రెండు నెలలు ఆదాయం లేక, పెట్టుబడికి అప్పు తెచ్చుకుని మొదటి వేటకు బయలుదేరే బోటు యజమానికి ప్రతి లీటరూ లెక్కే.

ఈ లెక్కను బోటు నడిపించే సరంగు చాలావరకు మనసులోనే వేసుకుంటాడు. ఎంత దూరం పోవాలి, ఎన్ని గంటలు వల లాగాలి, ఇంజను గంటకు ఎంత తాగుతుంది, అత్యవసరానికి ఎంత మిగలాలి అన్నవి అతనికి అనుభవం మీద తెలుసు. ఈ యూనిట్‌లో ఆ లెక్కనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌కు ప్రోగ్రామ్‌గా రాయడం నేర్చుకుంటాం. ప్రోగ్రామ్ రాయడం అంత కష్టం కాదు. రాసిన ప్రోగ్రామ్ నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడమే కష్టం. అందువల్ల ఈ యూనిట్‌లో పరీక్షించడానికి ఎక్కువ చోటు ఇచ్చాం.

9.2 గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అంటే ఏమిటి?

మీరు ఇంటర్మీడియట్‌లోనో పాలిటెక్నిక్‌లోనో వాడిన సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఒకసారికి ఒక లెక్క చేస్తుంది. అదే లెక్కను వేరే అంకెలతో చేయాలంటే చాలావరకు మీటలన్నీ మళ్లీ నొక్కాలి. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అదనంగా రెండు పనులు చేస్తుంది. సమీకరణానికి వక్రరేఖ గీసి చూపుతుంది. మీరు రాసిన ఆదేశాల వరుసను గుర్తుపెట్టుకొని, పేరు పెట్టి పిలిచినప్పుడల్లా అమలు చేస్తుంది.

ప్రోగ్రామ్ చేయగల చేతి కాలిక్యులేటర్లు గ్రాఫింగ్ కాలిక్యులేటర్ల కంటే ముందే వచ్చాయి. 1974లో వచ్చిన హెచ్‌పీ-65లో 100 మెట్ల వరకు ప్రోగ్రామ్ రాసి, చిన్న అయస్కాంత కార్డు మీద దాచుకోవచ్చు. 1975లో అమెరికా, సోవియట్ వ్యోమనౌకలు అంతరిక్షంలో కలుసుకున్న అపోలో-సోయుజ్ యాత్రలో అమెరికా వ్యోమగాములు దానిని వెంట తీసుకెళ్లారు. 1985లో కాసియో సంస్థ తెచ్చిన ఎఫ్ఎక్స్-7000జీ మార్కెట్లోకి వచ్చిన మొదటి గ్రాఫింగ్ కాలిక్యులేటర్. దానిలో ప్రోగ్రామ్‌లకు ఉన్న చోటు 422 బైట్లు మాత్రమే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1990లో టీఐ-81ను, 2004లో టీఐ-84 ప్లస్‌ను విడుదల చేసింది. హెచ్‌పీ ప్రైమ్ అనే నమూనా ఫోన్ యాప్‌గా కూడా దొరుకుతుంది.

మన దగ్గర చాలా పరీక్షల్లో ప్రోగ్రామ్ చేయగల కాలిక్యులేటర్లను అనుమతించరు. అందువల్ల ఇవి విద్యార్థుల చేతుల్లో అరుదుగా కనిపిస్తాయి. మీ దగ్గర పరికరం లేకపోయినా ఈ యూనిట్‌ను చదవవచ్చు. ప్రతి వరుస పక్కన దాని విలువను కాగితం మీద రాసుకుంటూ వెళ్తే కాలిక్యులేటర్ చేసే పనిని మీరే చేసినట్టవుతుంది.

ఈ యూనిట్‌లో టీఐ-84 ప్లస్ ఆదేశాలను తీసుకున్నాం. కాసియో నమూనాల్లో ఆదేశాల పేర్లు కొంత మారతాయి, ఆలోచన మారదు.

గమనిక: కాలిక్యులేటర్ తెర మీద ఆదేశాలు, చరరాశులు ఆంగ్ల అక్షరాల్లో ఉంటాయి. ఇక్కడ వాటిని పలికినట్టే తెలుగు అక్షరాల్లో ఇచ్చాం.

9.3 సమస్యను కాగితం మీద పెట్టడం

హైదరాబాదులో 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రాన్ని ఇన్‌కాయిస్ అంటారు. ఉపగ్రహాలు పంపే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం వివరాలను బట్టి చేపలు దొరికే అవకాశం ఉన్న ప్రాంతాలను ఈ సంస్థ గుర్తిస్తుంది. తీరం నుంచి దిక్కు, దూరం, లోతు, అక్షాంశ రేఖాంశాలతో మత్స్యకారులకు తెలుగులో కూడా సలహాలు పంపుతుంది. వేట నిషేధ కాలంలోనూ, మబ్బుల వల్ల ఉపగ్రహానికి సముద్రం కనిపించనప్పుడూ ఈ సలహాలు ఉండవు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హార్బర్ స్థానం సుమారు 17 డిగ్రీల 42 నిమిషాల ఉత్తర అక్షాంశం, 83 డిగ్రీల 18 నిమిషాల తూర్పు రేఖాంశం. మనం చేరాల్సిన చోటు 17 డిగ్రీల 24 నిమిషాలు, 83 డిగ్రీల 48 నిమిషాలు అనుకుందాం. దూరం ఎంత?

దీనికి రెండు విషయాలు తెలిస్తే చాలు.

మొదటిది: ఒక డిగ్రీలో 60 నిమిషాలుంటాయి. అక్షాంశంలో ఒక నిమిషం తేడా అంటే సుమారు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. ఉత్తర దక్షిణాల దూరం దీనితో నేరుగా తెలిసిపోతుంది. మన ఉదాహరణలో 42 నుంచి 24 తీసివేస్తే 18 నాటికల్ మైళ్లు.

రెండవది: రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. అందువల్ల రేఖాంశంలో ఒక నిమిషం తేడా మైలు కంటే తక్కువే ఉంటుంది. ఎంత తక్కువో తెలియాలంటే ఆ చోటి అక్షాంశానికి కొసైన్ తీసి గుణించాలి. రెండు చోట్ల సగటు అక్షాంశం 17.55 డిగ్రీలు, దాని కొసైన్ 0.9535. రేఖాంశ తేడా 30 నిమిషాలు కనుక తూర్పు పడమరల దూరం 28.6 నాటికల్ మైళ్లు.

ఈ రెండూ లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు. పైథాగరస్ సూత్రం ప్రకారం కర్ణం 33.8 నాటికల్ మైళ్లు. కిలోమీటర్లలో చెబితే దాదాపు 62.6.

ఈ అంకెను గుర్తుంచుకోండి. ప్రోగ్రామ్ రాయడానికి ముందే చేతితో ఒక జవాబు రాబట్టుకోవడం మంచి అలవాటు.

9.4 మొదటి ప్రోగ్రామ్ : దూరం

టీఐ-84 ప్లస్‌లో పీఆర్‌జీఎం మీట నొక్కి, బాణం మీటతో 'న్యూ' అనే జాబితాలోకి వెళ్లి, కొత్త ప్రోగ్రామ్‌కు పేరు పెట్టాలి. పేరు 8 అక్షరాలు మించకూడదు. మనం 'వేట' అని పెడదాం. తెర మీద కోలన్ గుర్తుతో ఖాళీ వరుస కనిపిస్తుంది. ఒక్కో వరుసలో ఒక్కో ఆదేశం రాయాలి.

1. డిగ్రీ
2. 17 + 42 ÷ 60 → ఎ
3. 83 + 18 ÷ 60 → బి
4. ప్రాంప్ట్ డి, ఎం
5. డి + ఎం ÷ 60 → పి
6. ప్రాంప్ట్ డి, ఎం
7. డి + ఎం ÷ 60 → క్యూ
8. 60 × (పి − ఎ) → యు
9. 60 × (క్యూ − బి) × కాస్((ఎ + పి) ÷ 2) → వి
10. √(యు² + వి²) → ఎల్
11. డిస్ప్ ఎల్

ఇప్పుడు వరుసగా చూద్దాం. 1వ వరుస కోణాలను డిగ్రీల్లో తీసుకొమ్మని చెబుతుంది. 2, 3 వరుసల్లో హార్బర్ స్థానం నిల్వ అవుతుంది. ఇక్కడ బాణం గుర్తుకు 'ఎడమవైపు వచ్చిన విలువను కుడివైపు పెట్టెలో పెట్టు' అని అర్థం. ఎస్‌టీవో మీట నొక్కితే ఆ గుర్తు వస్తుంది. ఎ, బి వంటి పెట్టెలను చరరాశులు అంటాం. 4వ వరుస దగ్గర కాలిక్యులేటర్ ఆగి, గమ్యం అక్షాంశంలో డిగ్రీలు, నిమిషాలు విడివిడిగా అడుగుతుంది. 6వ వరుసలో రేఖాంశం అడుగుతుంది. అవే డి, ఎం పెట్టెలను మళ్లీ వాడినా నష్టం లేదు, ఎందుకంటే పాత విలువ 5వ వరుసలోనే పి అనే పెట్టెలోకి వెళ్లిపోయింది. 8, 9, 10 వరుసలు మనం కాగితం మీద చేసిన లెక్క. 11వ వరుస జవాబును చూపుతుంది.

కొత్తగా నేర్చుకునేవారు తరచు చేసే రెండు పొరపాట్లను ఇక్కడే చెప్పుకుందాం. 'ప్రాంప్ట్', 'డిస్ప్' వంటి ఆదేశాలను ఒక్కొక్క అక్షరంగా టైపు చేస్తే కాలిక్యులేటర్ వాటిని ఆదేశాలుగా గుర్తించదు. పీఆర్‌జీఎం మీట నొక్కి అక్కడి జాబితా నుంచే ఎంచుకోవాలి. 'డిగ్రీ' అన్నది మోడ్ మీటలో ఉంటుంది. అలాగే తీసివేత మీట వేరు, రుణసంఖ్య గుర్తు మీట వేరు. ఒకదాని బదులు మరొకటి నొక్కితే 'సింటాక్స్ ఎర్రర్' అనే సందేశం రావచ్చు. అప్పుడు 'గోటూ' ఎంచుకుంటే తప్పున్న వరుస దగ్గరకే తీసుకెళ్తుంది.

ప్రోగ్రామ్‌ను నడిపి 17, 24, 83, 48 ఇవ్వండి. 33.79… అని వస్తే మన చేతి లెక్కతో సరిపోయినట్టే.

9.5 షరతు : డీజిలు సరిపోతుందా?

బోటులో జీపీఎస్ ఉంటే దూరాన్ని అదే చెబుతుంది. డీజిలు సరిపోతుందా అన్నది మన ప్రశ్న. ఇందుకు బోటుకు సంబంధించిన కొన్ని విలువలు కావాలి. ఉదాహరణ కోసం ఇలా అనుకుందాం: ప్రయాణ వేగం గంటకు 6 నాటికల్ మైళ్లు, అంటే 6 నాట్లు. ప్రయాణంలో గంటకు 12 లీటర్లు, వేట సమయంలో గంటకు 10 లీటర్లు ఖర్చు. లెక్కలో తేలిన అవసరానికి పైన 25 శాతం అత్యవసర నిల్వ. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు. మీ బోటుకు ఎంతో మీరే కొలిచి పెట్టుకోవాలి.

పై ప్రోగ్రామ్‌కు ఈ వరుసలు చేర్చండి.

12. ప్రాంప్ట్ టి, జి
13. (2 × ఎల్ ÷ 6 × 12 + టి × 10) × 1.25 → ఆర్
14. డిస్ప్ ఆర్
15. ఇఫ్ ఆర్ > జి
16. దెన్
17. డిస్ప్ "చాలదు"
18. ఎల్స్
19. డిస్ప్ "సరిపోతుంది"
20. ఎండ్

టి అంటే వేట గంటలు, జి అంటే ట్యాంకులో ఉన్న లీటర్లు, ఆర్ అంటే కావలసిన లీటర్లు. 15వ వరుసలోని షరతు నిజమైతే 17వ వరుస, కాకపోతే 19వ వరుస అమలవుతుంది. 20వ వరుసలోని 'ఎండ్' ఈ షరతు ముగిసిందని చెబుతుంది. కొటేషన్ గుర్తుల మధ్య ఉండే మాటలను కాలిక్యులేటర్‌లో ఆంగ్ల అక్షరాల్లో రాయాలి.

వేట గంటలు 30, ట్యాంకులో 500 లీటర్లు అనుకుంటే, రానుపోను ప్రయాణానికి 135 లీటర్లు, వేటకు 300 లీటర్లు, మొత్తం 435. నిల్వతో కలిపి 544. తెర మీద 'చాలదు' అని వస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
అ) 5వ వరుసలో నిమిషాలను 60తో ఎందుకు భాగించాం?
ఆ) కావలసిన డీజిలు, ట్యాంకులో ఉన్న డీజిలు సరిగ్గా సమానమైతే తెర మీద ఏమి వస్తుంది?

9.6 తెర మీద తప్పు కనిపించని తప్పులు

ఇప్పుడు ఒక సన్నివేశం ఊహించండి. సరంగు మేనల్లుడు మీలాగే దూరవిద్యలో చదువుతున్నాడు. ప్రోగ్రామ్‌ను చిన్నది చేద్దామని డిగ్రీలు, నిమిషాలు విడిగా అడిగే వరుసలు తీసేశాడు. 17 డిగ్రీల 24 నిమిషాలను 17.24 అని, 83 డిగ్రీల 48 నిమిషాలను 83.48 అని నేరుగా ఇచ్చాడు. హార్బర్ స్థానాన్ని కూడా 17.42, 83.18 అని పెట్టాడు. ప్రోగ్రామ్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా నడిచింది.

"మావయ్యా, 500 లీటర్లు సరిపోతుంది. లెక్కలో 476 వచ్చింది."
"దూరమెంతంటోందిరా ఆ మిషను?"
"20 మైళ్లు."
"మొన్న ఆ చోటికి పోడానికి అయిదున్నర గంటలు దాటింది కదరా. గంటకి ఆరు మైళ్ల లెక్కన 20 ఎలాగవుద్ది?"

సరంగు పట్టుకున్నది సరైన చోటే. 17.24 అంటే 17 డిగ్రీల 24 నిమిషాలు కాదు. 17 డిగ్రీల 24 నిమిషాలను దశాంశంలో 17.40 అని రాయాలి. నిమిషాలను దశాంశాలుగా ఇవ్వడంతో 60 భాగాల డిగ్రీ 100 భాగాలదైపోయింది. ప్రతి తేడా 60 శాతానికి కుంచించుకుపోయి, 33.8 కాస్తా 20.3 అయింది. 'చాలదు' అనాల్సిన ప్రోగ్రామ్ 'సరిపోతుంది' అంది.

దీని పర్యవసానం ఏమిటి? 500 లీటర్లతో బయలుదేరితే, అంతా సవ్యంగా జరిగిననాడు బోటు తిరిగి వస్తుంది. కానీ 119 లీటర్లు మిగులుతాయనుకున్న చోట 65 లీటర్లే మిగులుతాయి. ఎదురుగాలి వీచిననాడో, తోటి బోటును తాడు కట్టి లాక్కురావలసిన రోజునో ఆ తేడా బోటులోని వారందరి మీదా పడుతుంది.

ఇది ఊహించి చెప్పినదే అయినా ఈ పొరపాటుకు అవకాశం నిజంగా ఉంది. ఒకే స్థానాన్ని రాయడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి: డిగ్రీలు-నిమిషాలు-సెకన్లు, డిగ్రీలు-దశాంశ నిమిషాలు, దశాంశ డిగ్రీలు. ఫోన్‌లోని పటం సాధారణంగా దశాంశ డిగ్రీలు చూపుతుంది. బోటు జీపీఎస్‌లో తరచు డిగ్రీలు-దశాంశ నిమిషాలు కనిపిస్తాయి. ఒకదానిలోంచి చూసి మరొకదానిలోకి ఎక్కించేటప్పుడు ఏ పద్ధతిలో ఉందో చూసుకోకపోతే పొరపాటు జరుగుతుంది.

ఇలాంటి తప్పు మరొకటి ఉంది. 1వ వరుసలోని 'డిగ్రీ' ఆదేశం మరచిపోయారనుకోండి. టీఐ-84 ప్లస్‌ను రీసెట్ చేస్తే కోణాలు రేడియన్లలోకి మారతాయి. అప్పుడు 17.55 రేడియన్ల కొసైన్ 0.268 వస్తుంది, దూరం 19.7 మైళ్లు అవుతుంది. ఈ జవాబు కూడా నమ్మశక్యంగానే ఉంది చూడండి. 4,000 మైళ్లనో, రుణసంఖ్యనో చూపిస్తే ఎవరైనా అనుమానిస్తారు. నమ్మేలా ఉండే తప్పు జవాబే ప్రమాదకరమైనది.

దీన్నిబట్టి తప్పులు రెండు రకాలని గ్రహించవచ్చు. సింటాక్స్ తప్పును కాలిక్యులేటరే పట్టిస్తుంది. తర్కంలో, ప్రమాణాల్లో జరిగిన తప్పును అది పట్టించలేదు. దానికి అందినవి అంకెలు మాత్రమే. వాటిలో ఏది నిమిషమో, ఏది లీటరో దానికి తెలియదు.

9.7 పరీక్షలు ఎలా ఎంచుకోవాలి?

జవాబు ముందే తెలిసిన లెక్కను ప్రోగ్రామ్‌కు ఇచ్చి సరిచూడడాన్ని పరీక్షించడం అంటాం. అయితే ఏ లెక్క ఇచ్చినా చాలదు. ఈ మూడు పరీక్షలను పోల్చి చూడండి.

పరీక్ష 1: హార్బర్ నుంచి సరిగ్గా ఉత్తరానికి ఒక డిగ్రీ. గమ్యం 18 డిగ్రీల 42 నిమిషాలు, 83 డిగ్రీల 18 నిమిషాలు. అది నేల మీద ఉన్న చోటే అయినా లెక్కను సరిచూడడానికి పనికివస్తుంది. జవాబు 60 మైళ్లు రావాలి.

పరీక్ష 2: ఉత్తరానికి 18 డిగ్రీల 0 నిమిషాల వరకు, అదే రేఖాంశం మీద. జవాబు 18 మైళ్లు రావాలి.

పరీక్ష 3: సరిగ్గా తూర్పుకు ఒక డిగ్రీ. గమ్యం 17 డిగ్రీల 42 నిమిషాలు, 84 డిగ్రీల 18 నిమిషాలు. 60ని 17.7 డిగ్రీల కొసైన్ 0.9527తో గుణిస్తే 57.2 మైళ్లు రావాలి.

మేనల్లుడి తప్పు ప్రోగ్రామ్‌కు పరీక్ష 1 ఇస్తే 18.42 నుంచి 17.42 తీసివేసి, 60తో గుణించి, 60 అనే చూపుతుంది. అంటే తప్పు ప్రోగ్రామ్ పరీక్షలో నెగ్గింది. డిగ్రీలు మాత్రమే మారి నిమిషాలు మారలేదు కనుక నిమిషాల తప్పు బయటపడలేదు. పరీక్ష 2 ఇస్తే 18 రావలసిన చోట 34.8 వస్తుంది, తప్పు దొరికిపోతుంది.

రేడియన్ల తప్పు మొదటి రెండు పరీక్షల్లోనూ దొరకదు. రేఖాంశంలో తేడా సున్నా కనుక కొసైన్ ఎంత వచ్చినా సున్నాతోనే గుణించబడుతుంది. పరీక్ష 3లో 57.2 బదులు 24.5 వచ్చి ఆ తప్పు బయటపడుతుంది.

ఇందులోంచి ఒక నియమం తీసుకోవచ్చు: పరీక్షలన్నీ కలిపి ప్రోగ్రామ్‌లోని ప్రతి వరుసనూ తాకాలి. ఏ వరుస తప్పైతే జవాబు మారుతుందో ఆ వరుసను మాత్రమే మీరు పరీక్షించినట్టు. షరతు ఉన్న చోట రెండు దారులనూ పరీక్షించాలి. ట్యాంకులో 500 లీటర్లతో ఒకసారి, 600 లీటర్లతో ఒకసారి నడిపి, మొదట 'చాలదు', తరువాత 'సరిపోతుంది' వచ్చాయో లేదో చూడాలి.

సరంగు చేసింది కూడా పరీక్షే. అతనికి కొసైన్‌తో పని పడలేదు. అయిదున్నర గంటలను 6తో గుణిస్తే 33. తాను వెళ్లివచ్చిన దారి అతని దగ్గరున్న 'ముందే తెలిసిన జవాబు'. ఏ రంగంలో ప్రోగ్రామ్ రాసినా ఆ పని చేతితో చేసినవారికి ఫలితాన్ని చూపించి అడగండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
అ) 17 డిగ్రీల 30 నిమిషాలను దశాంశ డిగ్రీల్లో రాయండి.
ఆ) పరీక్ష 1 నిమిషాల తప్పును ఎందుకు పట్టుకోలేకపోయింది?

9.8 గ్రాఫు, ఆవృత్తి

'చాలదు' అని తెలిశాక ఏం చేయాలి? మరింత డీజిలు పోయించుకోవచ్చు, దగ్గరి చోటికి పోవచ్చు, వేట గంటలు తగ్గించుకోవచ్చు. వీటిని పోల్చడానికి గ్రాఫు ఉపయోగపడుతుంది.

13వ వరుసలో వేట గంటలను 30గా ఉంచి, దూరాన్ని ఎక్స్ అనుకుంటే సూత్రం సులభమవుతుంది. ప్రయాణానికి 4ఎక్స్, వేటకు 300, మొత్తాన్ని 1.25తో గుణిస్తే 5ఎక్స్ + 375. ఎక్స్‌కు ఎదురుగా దీనిని గీస్తే సరళరేఖ వస్తుంది. దాని మీద 500 దగ్గర అడ్డంగా మరో గీత గీయండి. రెండూ 25 దగ్గర ఖండించుకుంటాయి. అంటే 30 గంటల వేటకు 500 లీటర్లతో, నిల్వను ముట్టుకోకుండా, 25 నాటికల్ మైళ్ల వరకే పోవచ్చు. గ్రాఫు గీసేటప్పుడు చూపే పరిధిని విండో మీటతో మీరే నిర్ణయించాలి. ఎక్స్‌ను 0 నుంచి 60 వరకు, నిలువు అక్షాన్ని 300 నుంచి 700 వరకు పెట్టండి. పరిధి సరిగ్గా లేకపోతే తెర ఖాళీగా కనిపిస్తుంది.

వేట గంటలను కూడా మార్చి చూడాలంటే ఒకే లెక్కను పలుమార్లు చేయించాలి. దీనిని ఆవృత్తి అంటాం. 500ను 1.25తో భాగిస్తే 400 కనుక:

1. ఫర్(టి, 20, 30, 2)
2. డిస్ప్ టి, (400 − 10 × టి) ÷ 4
3. పాజ్
4. ఎండ్

టి విలువ 20 నుంచి 30 వరకు రెండేసి చొప్పున పెరుగుతుంది. ప్రతిసారీ వేట గంటలు, పోగలిగే దూరం కనిపిస్తాయి. 'పాజ్' దగ్గర ఎంటర్ నొక్కేవరకు ఆగుతుంది. ఫలితాలు ఇవి:

20 గంటలు – 50 మైళ్లు
22 గంటలు – 45 మైళ్లు
24 గంటలు – 40 మైళ్లు
26 గంటలు – 35 మైళ్లు
28 గంటలు – 30 మైళ్లు
30 గంటలు – 25 మైళ్లు

మన గమ్యం 33.8 మైళ్లు. వేటను 26 గంటలకు కుదించుకుంటే 500 లీటర్లతోనే పోయి రావచ్చు. ఒక్క 'చాలదు' అనే మాట కంటే ఈ పట్టిక సరంగుకు ఎక్కువ ఉపయోగం.

9.9 ప్రోగ్రామ్ పరిమితులు

మనం వాడిన దూరపు సూత్రం భూమిని ఆ మేరకు చదునుగా భావిస్తుంది. కొన్ని పదుల మైళ్ల దూరాలకు ఇది చాలు. వందల మైళ్లకు గోళాకార త్రికోణమితి కావాలి.

మరో పరిమితి వేగానిది. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఒకే వేగం ఉంటుందని 13వ వరుస భావించింది. కానీ తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తర దిశగా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణ దిశగా సాగుతుంది. పోయేటప్పుడు ప్రవాహం ఒక నాట్ కలిసివచ్చి వేగం 7 అయింది, వచ్చేటప్పుడు ఎదురై 5 అయింది అనుకోండి. సగటు 6 కదా, సమానమే అనిపిస్తుంది. లెక్కిస్తే 33.8 మైళ్లు పోవడానికి 4.83 గంటలు, రావడానికి 6.76 గంటలు, మొత్తం 11.59 గంటలు. ఒకే వేగంతో అయితే 11.27 గంటలు. కలిసివచ్చిన దానికంటే ఎదురైనది ఎక్కువ సమయం తీసుకుంటుంది.

చివరగా, 1.25 అనే అంకె గణితం నుంచి వచ్చింది కాదు. ఎంత నిల్వ ఉంచుకోవాలన్నది మనుషుల నిర్ణయం. ప్రోగ్రామ్‌లో అది ఒక మూలన చిన్న అంకెగా ఉండిపోతుంది. డీజిలు మిగల్చాలని ఎవరైనా దానిని 1.05గా మారిస్తే తెర మీద 'సరిపోతుంది' అనే మాటలో ఏ తేడా కనిపించదు. అందుకే ఇలాంటి విలువలను అందరికీ తెలిసేలా ప్రోగ్రామ్ మొదటి వరుసల్లో విడిగా నిల్వ చేయడం మంచిది.

9.10 సారాంశం

ప్రోగ్రామ్ అంటే మనం చేసే లెక్కను వరుస ఆదేశాలుగా రాయడం. విలువలను చరరాశుల్లో నిల్వ చేయడం, వాడేవారిని అడిగి తీసుకోవడం, షరతును బట్టి దారి మార్చడం, ఒకే పనిని ఆవృత్తి చేయడం దానిలోని ప్రధానమైన పనులు. రాయడానికి ముందు చేతితో ఒక జవాబు రాబట్టుకోవాలి. సింటాక్స్ తప్పును కాలిక్యులేటర్ చూపుతుంది, ప్రమాణాల తప్పును చూపలేదు. పరీక్షలన్నీ కలిపి ప్రతి వరుసనూ తాకేలా ఎంచుకోవాలి. ఆ పనిలో అనుభవం ఉన్నవారి అంచనాతో ఫలితాన్ని పోల్చుకోవాలి.

9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. అ) ఒక డిగ్రీలో 60 నిమిషాలుంటాయి కనుక, నిమిషాలను డిగ్రీలో భాగంగా మార్చడానికి.
ఆ) 'సరిపోతుంది' అని వస్తుంది. షరతు 'ఎక్కువైతే' అని మాత్రమే ఉంది.
2. అ) 17.5 డిగ్రీలు.
ఆ) రెండు చోట్లా నిమిషాలు ఒకటే. తీసివేతలో అవి కొట్టుకుపోయాయి.

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వరుసల్లో సమాధానాలు రాయండి.
1. రెండు స్థానాల మధ్య దూరం కనుగొనే ప్రోగ్రామ్‌ను వరుసవారీగా వివరించండి.
2. ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి ఉదాహరణలను ఎలా ఎంచుకోవాలో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 వరుసల్లో సమాధానాలు రాయండి.
1. సెకన్లను కూడా అడిగి తీసుకునేలా 4 నుంచి 7 వరకు ఉన్న వరుసలను మార్చి రాయండి.
2. ట్యాంకులో 600 లీటర్లు, వేట 36 గంటలు అయితే ఎంత దూరం పోవచ్చో కనుగొనండి. (జవాబు: 30 నాటికల్ మైళ్లు)
3. పోయే వేగం, వచ్చే వేగం వేర్వేరుగా అడిగేలా 12, 13 వరుసలను మార్చండి. మీ మార్పును సరిచూడడానికి రెండు పరీక్షలు తయారుచేయండి.